పాల క్యానుతో మొదలైన పేచీ

నీళ్ళలో సంకెళ్ళు విప్పుకుని బయటపడే ఫీట్లకు అనుమతి ఇవ్వాలా, ఇస్తే ఏ షరతుల మీద ఇవ్వాలి అన్న వాదన మళ్ళీ రేగింది. ఎక్కడో ఒక ప్రమాదం జరిగినప్పుడల్లా రేగుతుంది, పదిహేను రోజుల్లో చల్లబడుతుంది. ఇంద్రజాలికులది ఒకటే మాట: ఎలా బయటపడతామో ముందే చెప్పేస్తే గుట్టు పోతుంది, గుట్టు పోతే విద్యే పోతుంది. అనుమతులు ఇచ్చేవాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తారు: మీరు ఎలా బయటపడతారో మాకు తెలియకపోతే, బయటపడలేని రోజున ఎవరు ఎక్కడ ఏం పగలగొట్టాలో ఎలా తెలుస్తుంది?

ఇంద్రజాలికుడు హ్యారీ హూడినీ ఎవరో, బేడీలు విప్పే సవాళ్ళతో అమెరికాలో, యూరప్‌లో ఎలా పేరు తెచ్చుకున్నాడో అందరికీ తెలిసిన కథే. దాన్ని దాటేద్దాం. నేటి పేచీకి మూలం ఒక తేదీలో దొరుకుతుంది. 1908 జనవరి 27న సెయింట్ లూయిస్‌లోని కొలంబియా థియేటర్‌లో హూడినీ మొదటిసారి పాల క్యాను ఫీటు చేశాడు.

అప్పటికి బేడీల గిరాకీ పడిపోయింది. ఒకే రకం బేడీలన్నిటికీ ఒకే తాళంచెవి సరిపోతుందని, కొన్నిటిని గట్టి వస్తువు మీద సరైన చోట కొడితే చాలు ఊడిపోతాయని చాలామందికి తెలిసిపోయింది. ఊరికొక ‘బేడీల రాజు’ పుట్టుకొచ్చాడు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది: బేడీల ఫీటులో గడియారం లేదు. 1904 మార్చిలో లండన్ హిప్పోడ్రోమ్‌లో ఒక పత్రిక తెచ్చిన ప్రత్యేకమైన బేడీలు విప్పడానికి హూడినీకి గంటకు పైగా పట్టింది. మధ్యలో తెర చాటు నుంచి బయటికొచ్చి మంచినీళ్ళు తాగాడు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి దిండు తెప్పించుకున్నాడు. విప్పలేకపోతే పోయేది పరువే తప్ప ప్రాణం కాదు.

పాల క్యాను ఆ లెక్కను మార్చేసింది. అది గాల్వనైజ్డ్ ఇనుముతో చేసిన, మనిషి ముడుచుకుని పట్టేంత క్యాను. బకెట్లతో అంచు దాకా నీళ్ళు నింపుతారు. హూడినీ దిగగానే నీళ్ళు పొర్లి వేదిక మీద పడతాయి. క్యాను నిజంగా నిండుగా ఉందని చెప్పడానికి ఆ పొర్లిన నీళ్ళే సాక్ష్యం. మొదట మూత పెట్టకుండానే తల ముంచి, ప్రేక్షకులనూ తనతో పాటు ఊపిరి బిగపట్టమనేవాడు. నిమిషం కాకముందే హాల్లో సగానికి పైగా ఓడిపోయేవాళ్ళు. తర్వాత మూత వేసి, ఆరు తాళాలు బిగించి, చుట్టూ తెర కట్టేవాళ్ళు. పక్కన ఒక సహాయకుడు గొడ్డలి పట్టుకుని నిలబడేవాడు. ఇక పోస్టర్ల మీద రాయించిన మాట: విఫలమైతే నీట మునిగి చావే.

విద్యలో అసలు మలుపు ఆ పోస్టర్ మాటే. అంతకుముందు జనం టికెట్ కొన్నది బయటికి వస్తాడో లేదో చూడటానికి. 1908 తర్వాత బతుకుతాడో లేదో చూడటానికి కొన్నారు. ఆ తేడా చిన్నదేమీ కాదు. ఫీటుకు రెండు నిమిషాల గడువు వచ్చిందంటే, దానికి రెండో ఏర్పాటు తప్పనిసరి అయినట్టే. మొదటి ఏర్పాటు బయటికి వచ్చే దారి. రెండోది ఆ దారి మూసుకుపోతే బయటి మనిషి చేయాల్సిన పని. హూడినీని అనుకరించినవాళ్ళు చాలామంది క్యానును, పోస్టర్‌ను తీసుకున్నారు. గొడ్డలి మనిషిని మాత్రం నాటకంలో భాగమనుకున్నారు.

క్యాను గుట్టు 1930లోనే పుస్తకంలో అచ్చయింది కాబట్టి ఇక్కడ చెప్పడంలో తప్పు లేదు. క్యాను మెడ, కింది ఒళ్ళు రివెట్లతో అతికినట్టు కనిపిస్తాయి. ఆ రివెట్లు ఉత్త తలలే. మెడ భాగం ఒంటి భాగంలోకి కప్పులా బిగుతుగా కూర్చుంటుంది. లోపలి మనిషి తలతో, భుజాలతో పైకి నెట్టితే మూత, ఆరు తాళాలు, మెడ అన్నీ కలిసి ఒకే ముక్కగా లేస్తాయి. బయటపడ్డాక మళ్ళీ దించేస్తే ఒక్క తాళమూ కదిలినట్టుండదు.

ఈ పనితనంలోనే దాని బలహీనత కూడా ఉంది. నీళ్ళు కారకుండా ఉండాలంటే మెడకూ ఒంటికీ మధ్య సందు చాలా సన్నగా ఉండాలి. సందు సన్నగా ఉంటే గుండ్రం కొంచెం వంకర పోయినా మెడ బిగుసుకుపోతుంది. క్యానులు ఊరూరా రైళ్ళలో, లారీల్లో తిరిగేవి. 1930లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో జెనెస్టా అనే ప్రదర్శకుడు ఇలాంటి ఫీటు చేస్తూ చనిపోయాడు. క్యానుకు పడిన సొట్టే దారి మూసేసిందన్నది ఆ ప్రమాదానికి చెప్పే కారణం. ప్రదర్శనకు ముందు ఖాళీ క్యానులో కూర్చుని మెడను ఒకసారి పైకి నెట్టి చూసుకుంటే సొట్ట ఉందో లేదో తేలిపోతుంది. నిమిషం పని. ఆ పరీక్ష చేయాలంటే గుట్టు తెలిసిన రెండో మనిషి ఉండక్కర్లేదు కూడా. కానీ తాళంచెవులతో బయటున్నవాళ్ళకు ఎన్ని సెకన్లకు పరదా తీయాలో, ఆరు తాళాలూ విప్పుతూ కూర్చోవాలో, క్యానును నరకాలో మాత్రం ముందే తెలిసి తీరాలి.

హూడినీ దగ్గర అలా తెలిసిన మనిషి ఉండేవాడు. 1911లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో టెట్లీ అనే బీరు కంపెనీ సవాలు విసిరింది: నీళ్ళకు బదులు మా బీరు పోసి చూపించు. హూడినీ మద్యం ముట్టని మనిషి. సరే అన్నాడు. బీరు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మూసిన క్యానులో తల దగ్గర చేరుతుంది, పైగా ఆల్కహాల్ ఆవిరి. హూడినీ స్పృహ తప్పే స్థితికి వచ్చాడు. ఫ్రాంజ్ కుకోల్ అనే సహాయకుడు అతన్ని బయటికి లాగాడు. ఫీటు పోయింది, మనిషి దక్కాడు. లోపల ద్రవం మారితే గడువు కూడా మారుతుందని ఆ రోజు తేలింది. గుట్టు మారలేదు, క్యాను మారలేదు, అయినా ఫీటు విఫలమైంది.

అధికారులకూ ఇంద్రజాలికులకూ మధ్య బాహాటమైన తగాదా ఆ మరుసటి ఏడు వచ్చింది. 1912 జులై 7న న్యూయార్క్ ఈస్ట్ రివర్‌లో, బేడీలు వేసి పెట్టెలో పెట్టి మేకులు కొట్టిన హూడినీని నదిలో దించాలన్నది పథకం. రేవు మీద చేయడానికి వీల్లేదని పోలీసులు అడ్డుపడ్డారు. హూడినీ అక్కడికక్కడే ఒక టగ్ పడవ అద్దెకు తీసుకుని, విలేకరులను ఎక్కించుకుని నది మధ్యకు పోయాడు. పెట్టె మునగాలని 200 పౌండ్ల సీసం కట్టారు, నీళ్ళు చొరబడాలని రంధ్రాలు పెట్టారు. 57 సెకన్లలో బయటికొచ్చాడు. పెట్టెను పైకి తీస్తే చెక్కుచెదరలేదు, బేడీలు లోపలే ఉన్నాయి. పత్రికలు హూడినీ తెలివిని మెచ్చుకున్నాయి. అనుమతి లేకపోతే పడవ ఎక్కితే సరి అన్న పాఠం మాత్రం ఈ వృత్తిలో అప్పటి నుంచి నిలిచిపోయింది.

ఇక్కడ నూరేళ్ళు దాటి ఒక్క గెంతు వేయక తప్పదు. 2019 జూన్ 16న కోల్‌కతాలో మాండ్రేక్ అన్న పేరుతో ప్రదర్శనలిచ్చే చంచల్ లాహిరి, గొలుసులు, తాళ్ళు, ఆరు తాళాలతో బంధించుకుని పడవ మీంచి హుగ్లీ నదిలోకి దిగాడు. తిరిగి రాలేదు. శవం మర్నాడు దొరికింది. కార్యక్రమం పడవ మీద అని చెప్పారే గానీ నీళ్ళలోకి దిగుతానని చెప్పలేదన్నది పోలీసుల వాదన.

ఇంద్రజాలికుల పక్షానికి న్యాయం చేయాలంటే దాని వెనక కథ కూడా చెప్పాలి. 2013లో ఇదే నది దగ్గర లాహిరి తాళం వేసిన బోను నుంచి బయటపడే ఫీటు చేశాడు. బోనుకున్న తలుపు జనానికి కనబడింది. వాళ్ళు తిట్టారు, కొట్టారు, విగ్గు లాగేశారు. గుట్టు పోతే విద్య పోతుందన్న మాట వట్టి అహంకారం కాదు. తలుపు కనబడితే దెబ్బలు, కనబడకపోతే చప్పట్లు. ఆరేళ్ళ తర్వాత అతను దిగినప్పుడు బోను లేదు, తలుపు లేదు, ఒంటికి గొలుసులే.

బోనుకూ ఒంటి గొలుసులకూ తేడా ప్రేక్షకుడికి తెలియదు. పట్టుకుని పైకి లాగడానికి బోను ఒక వస్తువు. వేదిక మీది అద్దాల తొట్టె అయితే ఇంకా నయం: లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, ఒక దెబ్బకు నీళ్ళన్నీ పోతాయి. హుగ్లీ లాంటి నదిలో నీళ్ళు మట్టి రంగు, చేయి చాపితే చేయి కనిపించదు. ఆటుపోట్ల వల్ల ప్రవాహం దిశ కూడా మారుతుంటుంది. మనిషి దిగిన చోటే ఉండడు. గొలుసుల బరువుకు ఒళ్ళు తేలదు. ఒక్క తాళం మొరాయిస్తే, పైనున్న వాడికి అది మొరాయించిందని తెలియడానికే ఉన్న గడువు అయిపోతుంది.

ఊపిరి లెక్క కూడా జనం అనుకునేట్టు ఉండదు. కదలకుండా మూడు నిమిషాలు బిగపట్టగలిగినవాడు పెనుగులాటలో అందులో సగం నిలిస్తే గొప్ప. ఊపిరి పీల్చుకోవాలన్న తహతహ ఆక్సిజన్ తగ్గినందుకు రాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు వస్తుంది. దిగేముందు గబగబా లోతుగా ఊపిరులు తీస్తే ఆ వాయువు పడిపోయి తహతహ ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అడుగంటి, హెచ్చరిక లేకుండా స్పృహ పోతుంది. ఎక్కువ సేపు ఉండడానికి చేసే ఈ కిటుకు వల్ల ఈత కొలనుల్లోనే మంచి ఈతగాళ్ళు పోయారు.

గుట్టు ఒక్కడి దగ్గరే ఉండడం వల్ల ఏమవుతుందో నీళ్ళతో సంబంధం లేని ఒక చావు ఇంకా స్పష్టంగా చెబుతుంది. చంగ్ లింగ్ సూ పేరుతో చైనావాడిగా వేషం కట్టిన అమెరికన్ విలియం రాబిన్సన్, 1918 మార్చి 23న లండన్ వుడ్ గ్రీన్ ఎంపైర్ థియేటర్‌లో, తన మీదికి కాల్చిన తూటాను పట్టుకున్నట్టు చూపే ఫీటులో గాయపడి మర్నాడు పోయాడు. తుపాకీలో తూటా ఉన్న గొట్టం పేలకూడదు, కింద మందు దట్టించే కడ్డీని పెట్టే గొట్టంలోని మందు మాత్రమే పేలాలి. ప్రదర్శన అయ్యాక తూటాను పేల్చి ఖాళీ చేయకుండా, వెనక మర విప్పి మందును, తూటాను తీసి దాచుకునేవాడు. ఏళ్ళ తరబడి విప్పి బిగించడంతో మర అరిగింది. అరిగిన సందులోంచి సన్నటి మందు పొడి జారి, పేలకూడని గొట్టానికి నిప్పు చేరే దారి ఏర్పడింది. ఈ సంగతి బయటపడింది చావు మీద జరిగిన విచారణలో, ఆయుధాల నిపుణుడు తుపాకీ విప్పి చూశాక. గుట్టు ఎలాగూ పోయింది, కాకపోతే మనిషి పోయాక పోయింది. తర్వాత హూడినీ ఆ ఫీటు తలపెడితే, పెద్దవాడైన ఇంద్రజాలికుడు హ్యారీ కెల్లర్ వద్దని ఉత్తరం రాశాడు. హూడినీ మానేశాడు.

హూడినీ నీళ్ళ తొట్టెలోనే చనిపోయాడని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. 1953 నాటి హాలీవుడ్ సినిమా పెట్టిన భ్రమ అది. 1926 అక్టోబర్ 31న డెట్రాయిట్ ఆసుపత్రిలో అపెండిక్స్ పగిలి కడుపంతా చీము పట్టి పోయాడు. నేటి వాదనలో ఇది చిన్న విషయం కాదు. అంతటివాడే తొట్టెలో పోయాడు కాబట్టి చావు ఈ విద్యలో మామూలే అని రెండు పక్షాలూ వాడుకుంటున్నాయి. అంతటివాడు పద్దెనిమిదేళ్ళు నీళ్ళలోకి దిగుతూ కూడా నీళ్ళలో పోలేదు.

అదే ఏడు ఆగస్టు 5న న్యూయార్క్ షెల్టన్ హోటల్ కొలనులో, మూసేసిన లోహపు పెట్టెలో 91 నిమిషాలు ఉన్నాడు. దైవశక్తితో అలాంటి పెట్టెలో గంట ఉన్నానన్న రహమాన్ బే అనే ప్రదర్శకుడి మాటను పూర్వపక్షం చేయడానికి. ఆ పెట్టెలో బయటికి మాట్లాడడానికి టెలిఫోన్ పెట్టించుకున్నాడు. కదలకుండా పొట్టిపొట్టి ఊపిరులు తీయడం తప్ప కిటుకేమీ లేదన్నాడు. గనుల్లో చిక్కుకున్న కార్మికులకు పనికొస్తుందని, తన అనుభవాన్ని అమెరికా గనుల బ్యూరో నిపుణుడికి రాసి పంపాడు. గుట్టు చెబితే విద్య పోతుందనేవాళ్ళు హూడినీ పేరు తలచినప్పుడు ఈ ఉత్తరాన్ని తలవరు.

1990 అక్టోబర్ చివర్లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో జో బరస్ అనే యువకుడు హూడినీని మించాలని పారదర్శకమైన ప్లాస్టిక్ శవపేటికలో సజీవ సమాధి ఫీటు చేశాడు. పైన మట్టి, దాని మీద తడి కాంక్రీటు. తడి కాంక్రీటు ఘనపు మీటరుకు దాదాపు 2,400 కిలోలు. మట్టితో కలిసి పడ్డ టన్నుల బరువుకు పేటిక కుప్పకూలింది. ఒక ఇంజనీరు అరగంటలో వేయగల లెక్క అది. సంకెళ్ళు ఎలా విప్పుకుంటాడో ఆ ఇంజనీరుకు చెప్పాల్సిన పనే లేదు.

అనుమతి ఇచ్చేవాళ్ళు ఇప్పుడు అడుగుతున్నది కూడా దాదాపు ఇంతే. మనిషి ఎక్కడున్నాడో పైనున్నవాళ్ళకు ప్రతి క్షణం ఎలా తెలుస్తుంది? ఎన్నో సెకను దాటాక ఎవరినీ అడగకుండా లాగేయాలి? ఏ తాడును, ఏ గొలుసును, దేనితో కోయాలి? ఈ మూడింటిలో దేనికి జవాబు చెప్పినా తాళం ఎలా ఊడుతుందో బయటపడదు. లీడ్స్‌లో కుకోల్‌కు అవసరమైంది రెండోదానికి జవాబే.