చిన్న మిర్రర్‌లెస్ కెమెరా, దానికి తగిన లెన్సులు: అపోహలు - వాస్తవాలు

దసరా, దీపావళి ఆఫర్లు మొదలయ్యేసరికి నా దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకునేవారిలో చాలామంది ఏదో ఒక చిన్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల) కెమెరా బొమ్మను ఫోన్‌లో చూపించి, "ఇది తీసుకోమంటారా సార్?" అని అడుగుతారు. వారు చూపించేది ఎప్పుడూ బాడీనే, అంటే లెన్స్ కాకుండా కెమెరానే. దానికి ఏ లెన్స్ పెట్టుకుంటారని అడిగితే, "దాంతోపాటే ఒకటి వస్తుంది కదా" అంటారు. హైదరాబాద్‌లో పెళ్లిళ్లు, సభలు ఫొటోలు తీయడమే వృత్తిగా ఉన్న నాకు ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది. భుజానికి తగిలించుకునే బరువు ఎంతో, మసక వెలుతురులో కెమెరా ఎంతవరకు పనికొస్తుందో, కొన్నాళ్లకు అది బీరువా పాలవుతుందో లేదో చాలావరకు నిర్ణయించేది లెన్సే. కొనేవారి నోట తరచుగా వినిపించే అపోహలను ఆ కోణం నుంచే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: మిర్రర్‌లెస్ అంటేనే చిన్నది, తేలికైనది.

వాస్తవం: చిన్నదయ్యేది బాడీ మాత్రమే. అద్దం ఉండే పాత తరహా కెమెరా అయిన డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ మౌంటుకూ (లెన్స్‌ను బిగించే చోటు) సెన్సర్‌కూ (కాంతిని పట్టి ఫొటోగా మార్చే చిప్) మధ్య అద్దం పైకి లేవడానికి చోటు వదలాలి కాబట్టి కెనాన్ ఈఎఫ్ మౌంటులో ఆ దూరం 44 మి.మీ., నికాన్ ఎఫ్ మౌంటులో 46.5 మి.మీ. ఉండేది. అద్దం తీసేశాక కెనాన్ ఆర్ఎఫ్‌లో అది 20 మి.మీ.కు, నికాన్ జెడ్‌లో 16 మి.మీ.కు తగ్గి, బాడీ పలుచబడింది. అయితే లెన్స్ పరిమాణం ప్రధానంగా సెన్సర్ ఎంత పెద్దది, ఎపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎంత వెడల్పు, ఫోకల్ లెంగ్త్ (మి.మీ.లో చెప్పే ఈ సంఖ్య చిన్నదైతే ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది) ఎంత అన్న మూడు విషయాల మీద ఆధారపడుతుంది. అద్దం తీసేసినంత మాత్రాన ఈ మూడింటిలో ఏదీ మారదు.

ఉదాహరణకు, ఫుల్ ఫ్రేమ్‌లో (పాత 35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న కెమెరాల్లో) బాగా చిన్నదిగా పేరుపడ్డ సోనీ ఏ7సీ బ్యాటరీ, కార్డుతో కలిపి 509 గ్రాములు ఉంటుంది. దానికి అదే సంస్థ తయారుచేసే 24-70 మి.మీ. ఎఫ్ 2.8 జీఎం రెండో తరం లెన్స్ తగిలిస్తే, ఆ లెన్స్ ఒక్కటే 695 గ్రాములు కాబట్టి, మొత్తం బరువు 1,200 గ్రాములు దాటుతుంది. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న సోనీ ఏ6400 బరువు 403 గ్రాములు, దానికి సరిపడే సిగ్మా 18-50 మి.మీ. ఎఫ్ 2.8 బరువు 290 గ్రాములు. రెండూ కలిపినా 700 గ్రాముల లోపే. ఇంకా తేలిక కావాలనుకునేవారికి ఫ్యూజీఫిల్మ్ 27 మి.మీ. ఎఫ్ 2.8 వంటి పలుచటి పాన్‌కేక్ లెన్సులు ఉన్నాయి. అది 84 గ్రాములే. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిలో సెన్సర్ 17.3×13 మి.మీ. మాత్రమే కావడంతో, అందులో 45 మి.మీ. ఎఫ్ 1.8 పోర్ట్రెయిట్ లెన్స్ కూడా 116 గ్రాములకే లభిస్తుంది. అందువల్ల ప్రకటనలో బాడీ బరువు చూసి ముచ్చటపడకుండా, మీరు నిత్యం వాడబోయే లెన్స్ బరువును దానికి కలిపి లెక్క చూసుకోవాలి.

అపోహ: ఎలాగూ కొంటున్నాం, ఫుల్ ఫ్రేమే కొనేస్తే మళ్లీ మార్చుకోవలసిన అవసరం రాదు.

వాస్తవం: ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ.; సోనీ, నికాన్, ఫ్యూజీఫిల్మ్‌ల ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5×15.6 మి.మీ.; కెనాన్‌ది మరికొంచెం చిన్నది. విస్తీర్ణంలో ఫుల్ ఫ్రేమ్ రెండింతల పైచిలుకు పెద్దదే అయినా, మసక వెలుతురులో ఆ తేడా ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు) కన్నా కొంచెం ఎక్కువ. అంటే ఏపీఎస్-సీలో ఐఎస్ఓ (సెన్సర్ సంకేతాన్ని ఎంత పెంచుతున్నామో చెప్పే సంఖ్య) 3200 వద్ద కనిపించే నాయిస్ (ఫొటోలోని గరుకు చుక్కలు), ఫుల్ ఫ్రేమ్‌లో 6400 దాటాక కనిపిస్తుంది. అదే ఎపర్చర్, అదే కోణంతో తీస్తే వెనుక బ్లర్ కూడా ఆ మేరకు ఎక్కువగా వస్తుంది. ఈ ఒక్క స్టాప్ కోసం బాడీకి, అంతకన్నా ముఖ్యంగా ప్రతి లెన్సుకూ, అదనపు డబ్బు, అదనపు బరువు చెల్లిస్తూ పోవాలి.

పెళ్లి పనికి నేను ఫుల్ ఫ్రేమే వాడతాను. మండపం మీద లైట్లు ఆర్పి దీపాలు మాత్రమే ఉంచిన ఘట్టాలు వస్తాయి, 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు నిండా ఒకే ఫొటో పరచవలసి వస్తుంది, పైగా తప్పిపోయిన తలంబ్రాలను మళ్లీ పోయించలేం. కానీ ఇంటివారి ఫొటోలు, ప్రయాణాలు, వీధులు తీసుకునేవారికి ఆ అవసరం లేదని నా నిశ్చితాభిప్రాయం. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ ఫొటో అంగుళానికి 300 చుక్కల చొప్పున 20×13 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది. 4కె టీవీ తెర మొత్తం కలిపినా 8.3 మెగాపిక్సెళ్లే, ఇక వాట్సాప్ పంపేది అందులో ఎంత భాగమో చెప్పనక్కరలేదు.

అపోహ: కిట్ లెన్స్ దండగ, బాడీ మాత్రమే కొనాలి. దీనికి ఎదురు అపోహ: కిట్ లెన్స్ ఉండగా ఇంకొకటి దేనికి?

వాస్తవం: రెండూ సగం సగం నిజాలే. బాడీతో వచ్చే 16-50 మి.మీ. తరహా కిట్ లెన్సులను ఎగతాళి చేయడం మా వృత్తిలో ఒక అలవాటుగా మారింది కానీ, పొద్దున్న గోల్కొండ బురుజుల మీద, లేదా కుతుబ్‌షాహీ సమాధుల తోటలో, ఎఫ్ 8 పెట్టి తీసిన ఫొటోను చూసి అది కిట్ లెన్స్‌తో తీశారో ఖరీదైన లెన్స్‌తో తీశారో చెప్పమంటే మాలో చాలామంది తడబడతారు. 16 మి.మీ. అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 24 మి.మీ. కోణం, చార్‌మినార్ దగ్గర వెనక్కి జరగడానికి చోటు దొరకనప్పుడు ఆ వెడల్పు విలువ తెలుస్తుంది. నికాన్ జెడ్ 16-50 బరువు 135 గ్రాములే కావడం మరో సౌకర్యం.

చిక్కు వచ్చేది పొద్దుగూకాక. ఈ లెన్సులు జూమ్ చేసేకొద్దీ ఎపర్చర్ ఎఫ్ 3.5 నుంచి 5.6కో, 6.3కో ముడుచుకుపోతుంది. రంజాన్ రాత్రి లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడిన మనిషిని తీయాలనుకుందాం. ఎఫ్ 5.6 వద్ద, సెకనులో 200వ వంతు షట్టర్‌తో (సెన్సర్‌కు కాంతి తగిలే వ్యవధి), ఐఎస్ఓ 12800 అవసరమైందంటే, అదే వెలుతురులో, అదే షట్టర్‌తో ఎఫ్ 1.8 ప్రైమ్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న) లెన్సుకు ఐఎస్ఓ 1300 దరిదాపుల్లో ఉంటే చాలు. ఎపర్చర్ సంఖ్యల నిష్పత్తిని వర్గం చేస్తే కాంతి నిష్పత్తి వస్తుంది, 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే దాదాపు పది రెట్లు. స్టాపుల్లో చెప్పాలంటే మూడు స్టాపుల పైమాట. ఫుల్ ఫ్రేమ్‌కు మారితే లభించేది ఒక స్టాప్ అని పైన చూశాం. ఒక మామూలు ఎఫ్ 1.8 లెన్స్ దానికి మూడింతల మేలును అంతకన్నా చాలా తక్కువ ఖర్చుతో చేస్తుంది. కొత్తగా కొనేవారికి ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగిలిన నిర్ణయాలు వాటంతట అవే తేలికవుతాయి. నేనైతే కిట్ లెన్స్ ఉంచుకొని, బాడీని ఒక తరం పాతది ఎంచుకొని, మిగిలిన డబ్బును ప్రైమ్ లెన్స్ మీద పెట్టమంటాను.

అపోహ: బాడీలోనే స్టెబిలైజేషన్ ఉంటే ఎఫ్ 1.8 లెన్సులు అక్కరలేదు.

వాస్తవం: స్టెబిలైజేషన్ సరిదిద్దేది మీ చేతి వణుకును, ఎదుటివారి కదలికను కాదు. సెకనులో 15వ వంతు షట్టర్‌తో చార్‌మినార్ రాళ్లు స్పష్టంగానే వస్తాయి, కింద నడిచే జనం మాత్రం చెదిరిపోతారు. బతుకమ్మ చుట్టూ వలయంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆడపడుచుల చేతులు చెదరకుండా రావాలంటే కనీసం 250వ వంతు షట్టర్ కావాలి. రాత్రిపూట ఆ షట్టర్‌కు తగిన కాంతిని తెచ్చిపెట్టగలిగేది ఎపర్చర్ ఒక్కటే.

అపోహ: 50 మి.మీ. మనిషి కన్ను చూసినట్టే చూస్తుంది కాబట్టి మొదటి ప్రైమ్ అదే కావాలి.

వాస్తవం: ఈ మాట ఫుల్ ఫ్రేమ్, ఫిల్మ్ కాలం నుంచి వచ్చింది, అక్కడ కూడా కొంత అతిశయోక్తే. ఏపీఎస్-సీలో 50 మి.మీ. లెన్స్ 75 మి.మీ. కోణం మాత్రమే చూపిస్తుంది. కెనాన్‌లో అయితే 80. ముఖచిత్రాలకు అది చక్కగా సరిపోతుంది. రెండు గదుల ఫ్లాట్‌లో పాప పుట్టినరోజు తీయడానికి మాత్రం గోడకు వీపు ఆనించినా కేకు, పాప, అమ్మమ్మ ఒకే ఫ్రేములో పట్టరు. సామాన్య వాడకానికి ఏపీఎస్-సీలో 35 మి.మీ. (52 మి.మీ.కు సమానం), ఇంటి లోపలికీ ఇరుకు వీధులకూ 23 మి.మీ. (35 మి.మీ.కు సమానం) తగినవి. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఫోకల్ లెంగ్త్‌ను రెండుతో గుణించుకోవాలి.

వీటిలో మీకు ఏది నప్పుతుందో కొనకముందే తెలుసుకోవచ్చు. కిట్ లెన్స్ జూమ్‌ను కొన్ని వారాలపాటు 23 దగ్గర, ఆ తరువాత 35 దగ్గర కదపకుండా ఉంచి తీయండి. వెనక్కి జరగాలని తరచుగా అనిపిస్తే మీది 23. ముందుకు వెళ్లాలనిపిస్తే 35. ఇక్కడే ఇంకో పొరపాటు అభిప్రాయాన్నీ ప్రస్తావించాలి. ముఖాన్ని సాగదీసేది వైడ్ లెన్స్ అని అంటుంటారు. నిజానికి సాగదీసేది దగ్గరితనం. వైడ్ లెన్స్‌తో ఫ్రేము నింపడానికి మనం ముఖానికి బాగా దగ్గరగా వెళతాం కాబట్టి ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. అదే దూరం నుంచి ఏ లెన్స్‌తో తీసినా ముఖం పొందిక ఒకటే.

ఒకే ఫోకల్ లెంగ్త్‌తో పని జరగదని భయపడేవారికి ఒక మాట. 35 మి.మీ. ఎస్ఎల్ఆర్ కెమెరాలకు మొదటి జూమ్ లెన్స్ అయిన ఫోగ్ట్‌లాండర్ జూమర్ వచ్చింది 1959లో. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1905లోనే కన్నుమూశారు. గాజు పలకల మీద ఆయన తీసిన కోటలూ కొలువులూ వేట దృశ్యాలూ ఈనాటికీ మనం నిలబడి చూస్తున్నాం.

అపోహ: పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు అడాప్టర్‌తో (వాటిని కొత్త బాడీకి తగిలించే రింగుతో) పనిచేస్తాయి, కొత్తవి కొననక్కరలేదు.

వాస్తవం: కెనాన్ ఈఎఫ్ లెన్సుల విషయంలో ఇది చాలావరకు నిజం. నికాన్‌లో జాగ్రత్త అవసరం; ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటారు లేనందున, లోపలే ఫోకస్ మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులు ఆటోఫోకస్ అవుతాయి కానీ మన ఊళ్లో ఎందరి దగ్గరో ఉన్న 50 మి.మీ. ఎఫ్ 1.8డీ కాదు, దాన్ని చేత్తో తిప్పుకోవలసిందే. పైగా అద్దం తీసేసి మిగిల్చిన చోటును అడాప్టర్ మళ్లీ ఆక్రమిస్తుంది కాబట్టి, చిన్న కెమెరా కోసం వెతుక్కుంటూ వచ్చినవారికి ఇది తాత్కాలిక ఏర్పాటుగానే పనికొస్తుంది.

అపోహ: చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే మెకానికల్ (తెర కదిలే) షట్టర్‌తో పనేముంది?

వాస్తవం: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. సెన్సర్‌ను వరుస వరుసగా చదివే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఫంక్షన్ హాల్ ఎల్ఈడీల కింద తీస్తే ఫొటోలో అడ్డచారలు పడే ప్రమాదం ఉంది. షట్టర్‌ను 50వ వంతుకో 100వ వంతుకో దించితే చారలు చాలావరకు తగ్గుతాయి, అయితే కదిలే మనుషులకు ఆ వేగం చాలదు. 2019 నాటి సిగ్మా ఎఫ్‌పీ, 2024 నాటి సోనీ జెడ్‌వీ-ఇ10 రెండో తరం వంటి కొన్ని చిన్న బాడీల్లో మెకానికల్ షట్టర్ అసలే లేదు. వీడియోకే వాడేవారికి అది లోటు కాదు. పెళ్లిళ్లు, స్టేజీ కార్యక్రమాలు తీయాలనుకునేవారు మాత్రం మోడల్ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి.

అపోహ: బిల్లు లేకుండా తీసుకుంటే పన్ను మిగులుతుంది, వస్తువు అదే కదా.

వాస్తవం: డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి 1 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. బిల్లు లేని దిగుమతి సరుకులో కొంత ధర తగ్గవచ్చు కానీ ఇక్కడి వారంటీ వర్తించదు, రేపు అమ్ముకోవాలన్నప్పుడు కొనేవారు ముందుగా అడిగేదీ బిల్లే. కోఠీ గుజరాతీ గల్లీలో కెమెరా దుకాణాలన్నీ ఒకే చోట ఉన్నందున, నాలుగు చోట్ల బాడీని లెన్స్‌తో కలిపి చేత పట్టుకుని చూశాకే నిర్ణయించుకోవడం మంచిది.

సెకండ్ హ్యాండ్ లెన్స్ విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. బాడీలా అది త్వరగా పాతబడదు. అయితే వానాకాలం తేమలో సంచిలోనే మూసి ఉంచిన లెన్సులకు లోపల ఫంగస్ పడుతుంది. కొనేముందు రెండు మూతలూ తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చ్‌ను వెనుక నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము రేణువులు రెండో మూడో కనిపిస్తే పట్టించుకోనక్కరలేదు. సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్లని తీగలు కనిపిస్తే ఎంత తక్కువకు ఇస్తామన్నా వదిలేయండి. కొన్నాక దాన్ని తోలు కేసులో కాకుండా, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలోనో, తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలిపే డ్రై క్యాబినెట్‌లోనో ఉంచి, జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి తిరిగి వాడుకోండి.