మీ టీమ్‌లో అవమానం ఎవరికెంత?

చిరంజీవులైన పిల్లలకి,

మొన్న చిన్నది ఫోన్ చేసి, "పెదనాన్నా, ఉగాదికి టీమ్‌లో ఏదైనా సరదాగా చెయ్యమని హెచ్ఆర్ వాళ్ళు నా నెత్తిన పెట్టారు, రాశిఫలాలు చదివిద్దామనుకుంటున్నా, బాగుంటుందా?" అని అడిగింది. బ్రహ్మాండంగా ఉంటుంది అనేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మనసు కుదురుగా లేదు. ఇదే పని నేనూ ఒకసారి చేశాను, బాగానే చేశాను, అందులోనే ఒకచోట ఘోరంగా నోరు జారాను. అందుకే ఈ ఉత్తరం. ముగ్గురూ చదవండి, డాలస్‌లో ఉన్న వెధవ కూడా.

1998లో బహుధాన్య ఉగాది మార్చి 28న వచ్చింది. మార్చి నెలాఖరంటే బ్యాంకులో ఇయర్ క్లోజింగు, రాత్రి పదింటిదాకా లెడ్జర్లు, ఇంటి మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలీని రోజులు. నేను ఆ బ్రాంచికి మేనేజరుగా వెళ్ళి నాలుగు నెలలు. పద్నాలుగు మంది స్టాఫు, సగం మందికి మిగతా సగంతో మాటల్లేవు, ఎందుకు లేవో వాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. పండగ ముందురోజు శుక్రవారం సాయంత్రం, కౌంటర్లు మూశాక, అటెండరు చేత మిరపకాయ బజ్జీలు తెప్పించి, పంచాంగం తీసి ఆదాయ వ్యయాలు చదవడం మొదలుపెట్టాను.

మనవాళ్ళకి ఇదొక వరం అనుకోండి. ఇంగ్లీషు పేపర్లో రాశిఫలాలు చూస్తే 'ఈ వారం మీకు అనుకూలం' అని ఉంటుంది, దానికి ఎవడు నవ్వుతాడు? మన పంచాంగంలో ప్రతి రాశికీ నాలుగు అంకెలుంటాయి: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం (అంటే గౌరవం), అవమానం. అవమానానికి కూడా మార్కులు వేసినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి. ఆ సాయంత్రం మా హెడ్ క్యాషియరుకి అవమానం ఎక్కువొచ్చింది. ఆయన తాపీగా బజ్జీ తుంచుకుంటూ, "ఆఫీసు కోటా ఏప్రిల్లోనే అయిపోతుంది సార్, మిగతాదంతా ఇంట్లో" అన్నాడు. ఆర్నెల్లుగా ఆయన మొహం చూడని లోన్ల ఆఫీసరు పొలమారేలా నవ్వాడు, నీళ్ళ గ్లాసు అందించింది కూడా క్యాషియరే. ఆ తర్వాత వాళ్ళేమీ ప్రాణ స్నేహితులైపోలేదు. ఓచర్ల మీద సంతకం కావాలంటే అటెండరుని మధ్యలో పంపడం మాత్రం మానేశారు.

ఆ అంకెల్లో ఒక తమాషా ఉంది, చిన్నదానికి పనికొస్తుంది. విశ్వావసు (2025) పంచాంగం తీసి చూడు: మేషానికి ఆదాయం 2, వ్యయం 14. వృశ్చికానికీ అంతే. వృషభానికి 11, 5 అయితే తులకీ 11, 5. ఎందుకంటే ఆదాయ వ్యయాలు రాశ్యధిపతిని, అంటే ఆ రాశిని ఏలే గ్రహాన్ని బట్టి వస్తాయి, మేష వృశ్చికాలకి కుజుడు, వృషభ తులలకి శుక్రుడు. సూర్యుడిది సింహం ఒక్కటే, చంద్రుడిది కర్కాటకం ఒక్కటే, కాబట్టి వాళ్ళిద్దరూ ఒంటరి పక్షులు. దీంతో జతలు కట్టించొచ్చు: 'నీలాగే అప్పులపాలయ్యేవాడు ఈ గదిలో ఇంకొకడున్నాడు, పోయి వెతుక్కో' అని వదిలితే చాలు, అరగంట గడిచిపోతుంది.

రాశి ఏమిటో తెలీదనేవాళ్ళు సగంమంది ఉంటారు. ఇంగ్లీషు పేపర్లలో ఉండేది సూర్యుణ్ణి బట్టి, నెలకొకటి. మనది చంద్రుణ్ణి బట్టి, ఆయన రెండుంబావు రోజులకే రాశి మారిపోతాడు, అందుకే ఒకడే మనిషి అక్కడొకటి, ఇక్కడొకటి అవుతాడు. పేరులో మొదటి అక్షరాన్ని పట్టుకుని చూ చే చో లా అశ్విని, లీ లూ లే లో భరణి అని లెక్కేసే పద్ధతి కూడా ఉంది. కానీ నువ్వు ఇవేవీ చెయ్యకు. ఎందుకో చెప్తాను.

ఆ సాయంత్రమే, అందరూ నవ్వుతున్న ఊపులో, పాతికేళ్ళ క్లర్కు అమ్మాయిని "నీదే నక్షత్రం అమ్మా?" అని అడిగాను. "మూల అండి" అంది, మెల్లగా. ఆ మెల్లగా అనడం వినపడితే బాగుండేది. మూల నక్షత్రం కోడలొస్తే మామగారికి గండమని ఒక నమ్మకం ఉంది కదా, దాన్ని పట్టుకుని "అయితే మామగారు లేని సంబంధం వెతకాలి" అన్నాను. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. వెళ్ళేటప్పుడు చూస్తే ఆ అమ్మాయి పేపరు ప్లేటులో బజ్జీ సగం కొరికి అలాగే ఉంది. సోమవారం పక్క కౌంటరావిడ చెప్పింది, ఆ నక్షత్రం మీదే ఆ అమ్మాయికి రెండు సంబంధాలు వెనక్కి పోయాయట. నేను పిలిచి తప్పయిపోయిందమ్మా అంటే "పర్లేదు సార్" అంది. ఆ రెండు మాటల్లో నిజం 'సార్' ఒక్కటే.

మరుసటి ఉగాదికి చీటీలు వేశాను. పన్నెండు రాశుల పేర్లు రాసి, రెండు మళ్ళీ రాసి, పద్నాలుగు చీటీలు గిన్నెలో పోశాం. పుట్టిన తేదీ వద్దు, టైము వద్దు, నక్షత్రం అసలే వద్దు, నీ చేతికి ఏది వస్తే ఈ ఏడాదికి నీది అదే రాశి. జాతకం అంటే గిట్టనివాళ్ళూ, మన పంచాంగంతో సంబంధం లేని మతస్తులూ కూడా చెయ్యి పెట్టారు, ఒకాయన పెట్టనన్నాడు, ఆయనకి చదివే పని అప్పజెప్పాం. నవ్వులు ఏమాత్రం తగ్గలేదు. క్యాషియరుకి ఈసారి రాజపూజ్యం ఎక్కువొచ్చింది, ఆయన మొహం చూడాలి, పోయిన ఏడాది రాశే కావాలని గొడవ!

మీ టీమ్‌లో ఇదంతా నిజమేనని గట్టిగా నమ్మేవాళ్ళు ఉంటే వాళ్ళతో వాదనకి దిగకండి, ఒక ఆట ఆడించండి. 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజీ మేష్టారు 39 మంది విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, తర్వాత 'ఇది నీ స్వభావం' అని తలో కాగితం ఇచ్చి, ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటున 4.26 వేశారు. తీరా చూస్తే కాగితాలన్నీ ఒకటే, అందులో చాలా వాక్యాలు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవి. మీరూ 'పైకి ధైర్యంగా కనిపిస్తావు గానీ మీటింగు ముందు లోపల టెన్షన్ పడతావు' లాంటివి ఓ పది వాక్యాలు రాసి, కవర్లలో పెట్టి, అందరికీ అదే ఇవ్వండి. మార్కులు వేశాక పక్కవాడి కాగితం చదవమనండి.

ఇక సరదా దాటి మేనేజర్లు ఫలానావాడికి ఏలినాటి శని, ఈ ప్రాజెక్టు వాడికి వద్దు అనడం మొదలుపెడితే మాత్రం అక్కడే ఆపెయ్యండి. ఏ రోజు లెక్కేసినా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి శని ఉండనే ఉంటుంది, అంటే దాదాపు టీమ్‌లో పావు వంతుని ఏడున్నరేళ్ళు ఇంట్లో కూచోబెట్టాలి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు 2008లో మహారాష్ట్రలో 27 మంది జ్యోతిష్కులకి తలా నలభై జాతకాలిచ్చి, ఏది చదువులో ముందుండే పిల్లలది, ఏది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలది చెప్పమంటే, సరిగ్గా చెప్పింది నూటికి 46. బొమ్మా బొరుసా వేసినా యాభై వచ్చేది.

ఒకటి మర్చిపోయాను. మీ పెద్ద మేనేజరు చీటీ అందరికంటే ముందు తీయించు, అవమానం ఎక్కువున్న రాశి వస్తే గట్టిగా చదువు, ఆయన నవ్వితే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది. నవ్వకపోతే బజ్జీలు పంచేసి కార్యక్రమం ముగించు.

మీ పెద్దమ్మ కొత్త పంచాంగం నాకివ్వకుండా బీరువాలో పెట్టింది, పోయిన ఉగాదికి ఆవిడ వ్యయం నేను పైకి చదివానట. నా రాశికి ఈసారి అవమానం ఎంతో ఎవరైనా చూసి మెసేజ్ పెట్టండి.

ఇట్లు,
మీ పెదనాన్న