వెనక గదికి వైఫై: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఇంటి వెనక అవుట్‌హౌస్, ప్రహరీ మూలన వాచ్‌మన్ గది, తోటలో రేకుల షెడ్డు. గాజువాక నుంచి భీమిలి దాకా ఎక్కడి నుంచి ఫోను వచ్చినా మాట ఒకటే: "ఏటి బాబూ, ఇంట్లో బాగానే వస్తాది గానీ ఎనక గదిలోకెళ్తే గుండ్రంగా తిరుగుతానే ఉంటాది." వెళ్లి చూస్తే మూడు కొమ్ముల రూటరు తీసేసి ఆరు కొమ్ములది కొనేసి ఉంటారు. నన్ను ఆ తర్వాతే పిలుస్తారు.

అపోహ: పెద్ద రూటరు కొంటే వెనక గదికి కూడా అందుతుంది.

వైఫై ఒకవైపు వెళ్లే వ్యవహారం కాదండీ. గుడి మైకు వీధి చివరిదాకా వినిపిస్తుంది, అలాగని వీధి చివర నిలబడి మీరు మాట్లాడితే పంతులుగారికి వినపడదు కదా. రూటరు ఎంత గట్టిగా అరిచినా మీ చేతిలోని ఫోను అంత గట్టిగా బదులు చెప్పలేదు, అందుకే ఫోన్లో గీతలు నిండుగా ఉన్నా వీడియో మాత్రం కదలదు. పైగా వైఫై ఎంత పవరుతో పంపాలో ప్రభుత్వం హద్దు పెట్టింది, ఖరీదైన రూటరుకూ అదే హద్దు.

అపోహ: గదిలో రిపీటర్ పెడితే పని అయిపోతుంది.

సిగ్నల్ రాని చోట రిపీటర్ పెడితే అది దేన్ని రిపీట్ చేస్తుంది? చెరువు ఎండిపోయాక కాలువ తవ్వినట్టు ఉంటుంది. దాన్ని సగం దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. సగం దారి అంటే చాలా ఇళ్లలో ఆరుబయట, బోరు మోటారు పక్కన పడుతుంది. అక్కడ పెట్టినా, ఒకే రేడియో ఉన్న చవక రకమైతే వినడానికీ చెప్పడానికీ అదే వాడుతుంది కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టే, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైఫై పెట్టెల సెట్టు) కూడా అంతే, మధ్యలో వైరు లేకపోతే అదీ ఆ గోడల్లోంచే పోవాలి. షెడ్డుకి చుట్టూ జింకు రేకులుంటే ఇక చెప్పక్కర్లేదు, రేకు అంటే రేడియోకి తలుపులేని గోడ.

అపోహ: వైరు ఏదైనా వైరే.

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే. తిమ్మాపురం దగ్గర బీచ్ రోడ్డు వైపు ఒక ఇల్లు, అవుట్‌హౌస్‌కి అరవై మీటర్ల నెట్‌వర్క్ కేబులు ఎవరితోనో ముందే లాగించుకున్నారు. ప్లాను 300 ఎంబీపీఎస్, అక్కడ మాత్రం ఎన్నిసార్లు టెస్టు పెట్టినా 94 దాటదు. ఆ 94 చూడగానే నాకు సగం అర్థమైంది. కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిది తీగలూ బతికుండాలి, 100కి రెండు జతలు చాలు. ఒక్క తీగ చచ్చినా చాలాసార్లు రెండు వైపుల పోర్టులూ రాజీపడి 100కి దిగిపోతాయి, లైటు మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంటుంది. బయట గోడ మీదున్న జాకు విప్పాను. గోధుమరంగు జత చివర పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిలా రాలింది. సముద్రపు గాలి పని అది. తీగని బ్లేడుతో గీరి చూస్తే పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది: అల్యూమినియానికి రాగి పూత. అది నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, రెసిస్టెన్స్ ఎక్కువ, దాని మీదుగా కెమెరాకి కరెంటు పంపితే వేడెక్కుతుంది. షాపులో కట్ట కొనేముందు ఒక తీగ గీరి చూపించమని అడగండి, మొహమాటం వద్దు.

ఇంట్లో వేసే బూడిదరంగు కేబులు ఎండకి తొడుగు పగిలిపోతుంది. బయటికి నల్ల తొడుగుది, భూమిలో అయితే లోపల జెల్ నింపినది వాడాలి. పైపులో వేస్తే నీళ్లు రావనుకోకండి, మన వానలకి భూమిలో వేసిన ఏ పైపులోకైనా నీళ్లు చేరతాయి. ఇక రాగి కేబుల్‌కి లెక్క 100 మీటర్లు, మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (సిగ్నల్‌ని అందుకుని ముందుకు పంపే పెట్టె) లేకుండా అంతకు మించి ఆశపడొద్దు.

అపోహ: మోటారు కరెంటు వైరు పోయే పైపులోనే ఇదీ తోసేయొచ్చు.

వద్దు. డిస్టర్బెన్స్ తర్వాతి సంగతి, ముందు అది ప్రాణాల మీదికి వచ్చే పని. వేరే పైపు, కొంచెం ఎడం.

అపోహ: యాభై మీటర్లేగా, రాగి చాలు. ఫైబర్ కంపెనీవాళ్లకే.

దూరం వరకు చూస్తే రాగి చాలు, నిజమే. కానీ రెండు కట్టడాల మధ్య దూరం కంటే పెద్ద సమస్య ఉంది. ఇంటికి ఒక ఎర్త్, వెనక గదికి ఇంకో ఎర్త్ ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములొచ్చి దగ్గర్లో ఎక్కడో పిడుగు పడిందంటే ఆ రెండు చోట్ల భూమి వోల్టేజీలో ఒక్క క్షణం పెద్ద తేడా వస్తుంది, మధ్యలో మీరు వేసిన రాగి తీగ దానికి వంతెన. పోర్టుల లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, మామూలు తేడాలను అవి ఆపుతాయి, పిడుగుని కాదు. పిడుగు నేరుగా ఇంటి మీద పడక్కర్లేదు కూడా. అటు స్విచ్చూ ఇటు రూటరూ ఒకేరోజు పోయిన ఇళ్లు నేను చాలా చూశాను. షీల్డ్ (తీగల చుట్టూ లోహపు పొర) ఉన్న కేబుల్ వేస్తే సేఫ్ అని కొందరంటారు, దాన్ని రెండు వైపులా ఎర్త్‌కి కలిపితే రెండు ఎర్త్‌లకీ మీరే చుట్టరికం కలిపినట్టు.

ఫైబర్ గాజు, కరెంటు పోదు. సింగిల్ మోడ్ అనే రకం ఫైబర్ తీగ, రెండు చివరలా రెండు మీడియా కన్వర్టర్లు (రాగి తీగలోని సిగ్నల్‌ని కాంతిగా, కాంతిని మళ్లీ సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టెలు), అంతే. అన్నీ కలిపినా ఒక మోస్తరు మెష్ కిట్ కంటే తక్కువే అవుతుంది. ఒక జాగ్రత్త: ఒకే తీగ మీద నడిచే కన్వర్టర్లు ఏ, బి అని జతగా వస్తాయి, ఒకటి పంపే రంగు కాంతిని ఇంకొకటి వింటుంది. ఒకాయన రెండూ ఏ కొనేసి, లింకు లైటు రావట్లేదని రెండు రోజులు టెన్షన్ పడ్డారు. ఇంకొకటి, డ్రాప్ కేబుల్ (ఇంటికి లాగే సన్న ఫైబర్ కేబుల్) వెంట ఉక్కు తీగ ఉంటే దాన్ని ఇంటి బయటే కత్తిరించేయాలి, లేకపోతే పిడుగుకి మళ్లీ దారి వేసినట్టే. ఆకుపచ్చ కనెక్టరుకీ నీలం కనెక్టరుకీ కొన ఒకేలా ఉండదు, రెండూ కలపొద్దు. చివర్లో కన్ను పెట్టి వెలుగు వస్తోందా అని చూడొద్దు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి స్తంభాలూ చెట్లూ ఎలా పడ్డాయో చూశాక, తీగని గాల్లో వేలాడదీద్దాం అంటే నాకు చెయ్యి రాదు. కుదిరితే అడుగున్నర, రెండడుగుల లోతులో పైపు వేయండి, అందులో ఒక నైలాను తాడు కూడా వదిలేయండి, రేపు ఇంకో వైరు లాగాలంటే పనికొస్తుంది.

అపోహ: డిష్ లాంటిది రెండు వైపులా పెడితే ఎలాగైనా వస్తుంది.

అంటే వైరు లేకుండా రెండు కట్టడాలనీ కలిపే యాంటెనాల జత. తవ్వే వీలు లేనప్పుడు అది మంచి దారే. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలి. భీమిలి దగ్గర ఒక తోటలో జనవరిలో పెట్టాం, బ్రహ్మాండంగా పనిచేసింది, జులైలో ఫిర్యాదు వచ్చింది. చూస్తే మధ్యలో కొబ్బరి మట్ట ఒకటి కిందికి వాలింది, వాన పడితే ఆకు తడుస్తుంది, తడి ఆకు సిగ్నల్‌ని మింగేస్తుంది. ఆయన మాత్రం వానే కారణం అనుకున్నారు. 5 గిగాహెర్ట్‌జ్ మీద వంద మీటర్ల దూరానికి వాన వల్ల పెద్ద తేడా రాదు. మట్ట కొట్టించాం, అయిపోయింది.

అపోహ: పాత రూటరు తగిలిస్తే చాలు.

చాలు, కానీ యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, అంటే ఇంటి నెట్‌వర్క్‌నే వైఫైగా ఇచ్చేలా. అలాగే తగిలించేస్తే అది తనదంటూ వేరే నెట్‌వర్క్ పెడుతుంది, అప్పుడు వెనక గదిలో పెట్టిన ప్రింటరు ఇంట్లోని ల్యాప్‌టాప్‌కి కనపడదు. ఆ మోడ్ లేకపోతే పాత రూటరు ఐపీ అడ్రస్ మార్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, వైరుని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లో వాటికి ఇచ్చేది) పెట్టండి. పేరూ పాస్‌వర్డూ ఇంట్లోవే పెట్టండి, వైఫై చానల్ (అది వాడే రేడియో దారి) మాత్రం వేరేది.

ఇదంతా అయ్యాక కూడా కరెంటు పోయినప్పుడు నాకు ఫోను వస్తుంది, "ఇంట్లో నెట్ ఉంది, వెనక లేదు" అని. ఇంట్లో రూటరు ఇన్వర్టర్ మీద ఉంటుంది, వెనక గదిలోని కన్వర్టరూ యాక్సెస్ పాయింటూ దాని మీద ఉండవు. ఆ రెంటికీ ఒక చిన్న డీసీ యూపీఎస్ (అడాప్టర్ బదులు కరెంటిచ్చే బ్యాటరీ పెట్టె) సరిపోతుంది, కొనేముందు వాటి అడాప్టర్ల మీద ఎన్ని వోల్టులు రాసుందో చూసుకోండి, అన్నీ 12 కావు, కొన్ని కన్వర్టర్లవి 5.