చివరి బంతి

బుజ్జీ, అమ్మలూ,

పండక్కి వచ్చినప్పుడు అడిగారు కదా, ఎదురింటి అన్నయ్య సంక్రాంతికి కూడా ఎందుకు రాలేదని, అంత కష్టమైతే మిలిటరీలో ఎందుకు చేరతారని. కనుమ హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

పెళ్లి భోజనాల్లో నడుముకి తువ్వాలు బిగించి వడ్డించే కుర్రాళ్లని చూశారుగా. వరసలుగా కూర్చున్నవాళ్లు బంతి మీద బంతి తిని లేస్తున్నా సాంబారు బకెట్ పట్టుకుని తిరుగుతూనే ఉంటారు. వాళ్లు తినేది చివరి బంతిలో. సైనికుడి పనీ అంతే. 1932లో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీని ప్రారంభిస్తూ ఛెట్వుడ్ అనే సేనాధిపతి కాబోయే ఆఫీసర్లకి ఇదే చెప్పాడు: ముందు దేశం, తరవాత నీ జవాన్లు, నీ సుఖం ఎప్పుడూ చివరే.

చివరి బంతిలోనూ భోజనం బాగానే ఉంటుంది. జీతం, రేషన్, ఇంటిల్లిపాదికీ వైద్యం, క్యాంటీన్ సరుకులు. పాత పద్ధతిలో పదిహేనేళ్లు చేసిన జవానుకి పెన్షన్. 2022 నుంచి మాత్రం అగ్నివీరులని నాలుగేళ్లకే తీసుకుంటున్నారు. నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు. మిగిలినవాళ్లు సుమారు 11.71 లక్షలు పుచ్చుకుని, పెన్షన్ లేకుండా ఇంటికొస్తారు. ఒళ్లు వంచి నాలుగేళ్లు వడ్డించిన కుర్రాణ్ణి మళ్లీ ఉద్యోగం వెతుక్కోమనడం నాకు మనసొప్పదు.

ఒక్కోసారి చివరి బంతికి గారెలు అయిపోతాయి. పాత పద్ధతి జవానుకి ఏడాదికి రెండు నెలల సెలవుంటుంది, కానీ కావలసిన రోజున దొరకదు. ఈలోగా పిల్ల మొదటి అడుగు వేసేస్తుంది, తల్లి ఆఖరి చూపు దాటిపోతుంది. కొందరికి ఆ చివరి విస్తరీ దక్కదు. మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో, చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో తన జవాన్లతో నిలబడి ప్రాణమిచ్చారు. ఆయనతో కలిపి ఇరవైమంది పోయారు. మహావీర్ చక్ర పతకాన్ని ఆయన తల్లీ, భార్యా వెళ్లి అందుకున్నారు. ఇక్కడ నా పెళ్లి భోజనం పోలిక చాలదర్రా.

నా చిన్నప్పుడు మా వీధికి ఒక మిలిటరీ మావయ్య సెలవు మీద వచ్చేవాడు. నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. తెల్లారకముందే కాలవ గట్టున పరిగెత్తేవాడు, వెనక మేమంతా. దుప్పటి అంచులు కలిపి మడవడం ఆయనే నేర్పాడు. మీరూ అలాగే మడవాలి సుమా. యుద్ధం కథ చెప్పమంటే చెప్పేవాడు కాదు. తన బ్యారక్‌లో పక్క మంచం పంజాబీ అతను రొట్టె ఎలా చేసేవాడో, జ్వరమొస్తే తమిళ కుర్రాడు రాత్రంతా ఎలా కూర్చున్నాడో చెప్పేవాడు. తెలుగు తప్ప ఏదీ రాకుండా వెళ్లినవాడు దేశమంతా చుట్టాలని చేసుకుని వచ్చాడు. ఆ ఉద్యోగంలో అసలు సంపాదన అదేనని నా నమ్మకం.

అమ్మలూ, ఇది అన్నయ్య ఒక్కడికే అనుకోకు. 2022 నుంచి పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, కాబోయే సైనిక ఆఫీసర్లు చదివే ఎన్‌డీఏ అకాడమీలో ఆడపిల్లలనీ చేర్చుకుంటున్నారు.

వేసవిలో రండి, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం తీసుకెళ్తాను. తరతరాలుగా ఇంటింటా సైన్యానికి వెళ్లిన ఊరు, అందుకే మిలిటరీ మాధవరం అంటారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయనకి దణ్ణం పెట్టి, "ఎక్కడెక్కడ చేశారు తాతా?" అని అడగండి. తిరుగు బస్సు సంగతి నేను చూసుకుంటాను.

మీ తాతయ్య