ఒక్క అక్షరం పక్కకు జరిగితే

మా ఊళ్లో నన్ను 'కంప్యూటర్ల కందులు ఏరే బిడ్డ' అంటారు. వెక్కిరింపే అనుకోండి, కానీ బయోఇన్ఫర్మాటిక్స్‌కి ఇంతకంటే మంచి తెలుగు నాకింకా దొరకలేదు. నేను పొలంలోకి దిగను, తెల్లకోటు వేసుకోను. కంది మొక్క డీఎన్‌ఏ అక్షరాలు నాకు ఫైళ్లుగా వస్తాయి. ఎండు తెగులునీ వెర్రి తెగులునీ తట్టుకునే జన్యువులు వాటిలో ఎక్కడున్నాయో వెతకడం నా పని.

మాది పాత నల్లగొండ జిల్లా, పుట్టపాక వైపు. ఇంట్లో మగ్గం ఉంది. నల్లగొండలో బీఎస్సీ బాటనీ చదివేటప్పుడు ప్రోగ్రామింగ్ అంటే భయం. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీకి వచ్చాక ముందు పర్ల్, తర్వాత పైథాన్ పట్టుబడ్డాయి. అప్పటి నుంచి ఒక ప్రాజెక్టు అయ్యాక ఇంకో ప్రాజెక్టు. అది ముగిసే ప్రతిసారీ వచ్చే నెల జీతం ఉంటుందా లేదా అన్న టెన్షన్ మామూలే.

కంది జన్యురాశిని, అంటే డీఎన్‌ఏ మొత్తాన్ని, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు చదివి 2012లో ప్రచురించారు. అందుకు తీసుకున్న రకం 'ఆశ'. ఆ రెండు తెగుళ్లనీ తట్టుకునే రకమే అది. జన్యురాశి మొత్తం ఏ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది, పొడవు సుమారు 83 కోట్ల అక్షరాలు. అందులో వరుసగా కూర్చగలిగింది 60 కోట్ల పైచిలుకు. జన్యువులు 48,680 అని లెక్క తేలింది.

మరి మిగతా 20 కోట్ల పైచిలుకు ఎందుకు కుదరలేదు? యంత్రం డీఎన్‌ఏని మొదటి నుంచి చివరిదాకా చదవదు. వందా నూటయాభై అక్షరాల ముక్కలుగా చదివి పడేస్తుంది. ఒకే డిజైన్ పోచంపల్లి చీరలు యాభై తీసుకుని, ఇష్టమొచ్చినట్టు గోరంత ముక్కలుగా కత్తిరించి కుప్ప పోశారనుకోండి. అంచులు కలిసే ముక్కల్ని వెతికి మళ్లీ ఒక్క చీర చెయ్యాలి. కొంగు ముక్కనైతే చూడగానే పట్టేయొచ్చు. చీరంతా ఒకటే బుటా ఉంటే మాత్రం చేతిలో ఉన్నది ఏ బుటా ముక్కో ఎవరు చెప్పగలరు? కంది జన్యురాశిలో దాదాపు సగం ఇలా మళ్లీ మళ్లీ వచ్చే వరుసలే. ఇప్పుడు వేల అక్షరాలు ఒకే దఫాలో చదివే యంత్రాలొచ్చాయి కాబట్టి గోరంత ముక్కకు బదులు మూరెడు ముక్క దొరుకుతోంది.

రెండు వరుసల్ని పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతిని నీడిల్‌మన్, వుంష్ అనే ఇద్దరు 1970లో ప్రచురించారు. అక్షరం కలిస్తే మార్కు, కలవకపోతే కోత, మధ్యలో ఖాళీ వదిలితే దానికీ కోత. నాయినకు ఇది చెబితే ఏమీ ఆశ్చర్యపోలేదు. చిటికి పనిలో, అంటే ఇక్కత్‌లో, రంగు గుడ్డకు కాదు, నేయకముందే నూలుకు పడుతుంది. ముందు ఆసు పోయాలి, అంటే నూలు పోగును మేకుల చుట్టూ తిప్పాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసేదాకా ఒక్క చీరకు అమ్మ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరిగేది, ఆ భుజం నొప్పి ఇప్పటికీ ఉంది. తర్వాత గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కలతో కట్లు కట్టి, రంగులో ముంచుతారు. మగ్గమెక్కాక నాయిన ప్రతి పేక పోగునీ అంచు దగ్గర కొద్దిగా లాగి, కింది పోగు ఎరుపు మీద ఈ పోగు ఎరుపు కూర్చునేలా సర్దుతాడు.

"గీత తప్పితే సేటు కూలి కోస్తడు బిడ్డా. మీకెవరు కోస్తరు?"

మాకు కోసేవాళ్లు లేరు, అదే చిక్కు. కొన్నేళ్ల కింద మూడు వారాలపాటు, కందిలో తెగుళ్లను తట్టుకునే జన్యువులు చాలావరకు చచ్చుబడిపోయాయని నమ్మాను. ఒక రకం ఫైలు అక్షరాలను ఒకటి నుంచి లెక్కపెడుతుంది, ఇంకో రకం సున్నా నుంచి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చేటప్పుడు ఒకటి తీసెయ్యడం మరిచిపోయాను. చాలా జన్యువులకు మొదటి అక్షరం ఎగిరిపోయింది.

ప్రోటీన్ తయారుచేసేటప్పుడు కణం అక్షరాలను మూడేసి చొప్పున చదువుతుంది. 'పడుగు పేకలు కలిసి నడిచె' అన్నదాంట్లో మొదటి అక్షరం తీసేసి మూడేసి చదవండి: 'డుగుపే కలుక లిసిన డిచె'. 64 మూడక్షరాల మాటల్లో మూడింటికి 'ఇక ఆపు' అని అర్థం. తప్పు వరుసలో చదివితే ఆ ఆపులు ఎక్కడపడితే అక్కడ తగులుతాయి, ప్రోటీన్ సగంలోనే తెగిపోతుంది.

మగ్గం దగ్గర కూర్చున్నప్పుడు తప్పు తట్టిందని రాస్తే బాగుండేది గానీ, అలా జరగలేదు. కొత్తగా చేరిన కుర్రాడు పది నిమిషాల్లో పట్టేశాడు. "మేడమ్, జన్యువు ఏటీజీతో మొదలవ్వాలి కదా, మీవి ఇన్ని టీజీతో మొదలయ్యాయేంటి?" అన్నాడు. మూడు వారాల్లో నేను ఒక్క జన్యువు మొదలైనా కళ్లతో చూడలేదు.

ఈ చీర పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. చిటికిలో పోగు వెంట్రుకవాసి జరిగితే రంగు అంచు ఈకలా విడుతుంది. అది చూసే చేతిపనని నమ్మి కొంటారు. జన్యువుకు ఆ వెసులుబాటు లేదు.

నెలకు రెండు ఆదివారాలు ఎల్బీనగర్‌లో బస్సెక్కి చౌటుప్పల్ మీదుగా ఊరికి పోతాను. లాప్‌టాప్ తీసుకుపోను. తేలియా రుమాలు గుడ్డ కోసం నూలు నానబెట్టిన రోజైతే వాకిట్లోకి అడుగుపెట్టకముందే నూనె వాసన, ఆముదపు కాయల బూడిద వాసన తగులుతాయి. పోయినసారి నాయిన నన్ను మగ్గం మీద కూర్చోబెట్టి పది పోగులు నేయించాడు. నా కళ్లకు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన నాలుగు విప్పించాడు. ఎంత తప్పిందని అడిగితే "గింతంత" అని చిటికెన వేలి గోరు చూపించాడు. సాయంత్రం బస్సు వేళకు ఆ నాలుగూ మళ్లీ నేశాను. రెండు నిలిచాయి.