చావడం మానేసిన కణం

మన ఇళ్లలో క్యాన్సర్ మాట వస్తే ముందు అడిగేది 'గడ్డ ఎంత పెరిగింది?' అనే. కణాలు ఆగకుండా పెరగడమే క్యాన్సర్ అని నేనూ చాలాకాలం అనుకున్నాను. అది సగం సంగతే. చావాల్సిన కణం చావకపోయినా క్యాన్సర్‌కు దారి పడుతుంది.

తల్లి కడుపులో బిడ్డ చేయి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ల సందుల్లోని కణాలు వేళకు చచ్చిపోతేనే వేళ్లు విడివడతాయి. ఇలా తమంతట తామే పోవడానికి 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆకులు రాలడం అని ఆ మాటకు అర్థం.

గాయం తగిలి చచ్చే కణం ఉబ్బి, పగిలి, లోపలిదంతా చుట్టూ చిమ్ముతుంది. అక్కడ వాపు వస్తుంది. అపాప్టోసిస్‌ను మైక్రోస్కోపులో చూస్తే తీరే వేరు. కణం ముడుచుకుని పక్కవాటి నుంచి విడిపోతుంది. పైపొర ఉడికే గంజిలా బుడగలు బుడగలుగా పొంగుతుంది. చివరికి కణమంతా చిన్న చిన్న మూటలైపోతే, వాటిని పక్క కణాలో, చెత్తను మింగే మాక్రోఫేజ్ అనే కణాలో మింగేస్తాయి. చుట్టుపక్కల అలికిడి ఉండదు.

దీని మీట చాలావరకు కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో ఉంది. బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు దాని పైపొరకు చిల్లులు పెడతాయి. శక్తి తయారీలో రోజూ పనిచేసే సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ ఆ చిల్లుల్లోంచి బయటపడి, అపాఫ్-1 అనే మరో ప్రోటీన్‌తో కలిసి ఏడు ఆకుల బండిచక్రంలా అమరుతుంది. ఆ చక్రం మీద కేస్పేజ్-9 అనే ఎంజైమ్ మేలుకుని కేస్పేజ్-3ని లేపుతుంది. ఇక కణంలోని ప్రోటీన్లను ఈ కేస్పేజ్‌లే కత్తిరిస్తాయి.

ఆ చిల్లులు పడకుండా కాపలా కాసేది బీసీఎల్-2 అనే ప్రోటీన్. ఫాలిక్యులర్ లింఫోమా అనే రక్త క్యాన్సర్‌లో 14, 18 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. దాంతో బీసీఎల్-2 జన్యువు యాంటీబాడీ జన్యువు పక్కన పడి, విడవకుండా పనిచేస్తుంది. అప్పటికి తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ కణవిభజనను తరిమేవే. ఇదీ అంతేనేమో చూద్దామని 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ ఆ జన్యువును రక్తకణాల్లో పెట్టి, వాటికి కావలసిన పెరుగుదల సిగ్నల్ తీసేశారు. కణాలు విభజన చెందలేదు. కానీ చావనూ లేదు! ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే.

డీఎన్‌ఏ దెబ్బతింటే చావు సిగ్నల్ పంపే పీ53 అనే ప్రోటీన్ కూడా దాదాపు సగం క్యాన్సర్లలో చెడిపోయి ఉంటుంది.

వెనెటోక్లాక్స్ అనే మాత్ర బీసీఎల్-2 గాడిలో కూర్చుని, అది పట్టి ఉంచిన చావు ప్రోటీన్లను విడిపిస్తుంది. ఒక రకం లుకేమియా రోగుల్లో కొందరికి దీన్ని ఇవ్వడానికి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ మందుతో డాక్టర్లకు మొదట పట్టుకున్న టెన్షన్, అది మరీ వేగంగా పనిచేయడం. క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పోతే వాటిలోని పొటాషియం రక్తంలోకి పొంగుతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, కిడ్నీలూ గుండే తట్టుకోలేవు. అందుకే ఆ లుకేమియాకు మొదటి వారం రోజుకు 20 మిల్లీగ్రాములే ఇస్తారు. రక్త పరీక్షలు చూసుకుంటూ, వారం వారం పెంచుతూ ఐదో వారానికి 400కి తీసుకెళ్తారు.