బొట్టు ఒక్కటే ఎర్రగా ఉంటే అది నలుపు తెలుపు ఫోటోనేనా?

నలుపు తెలుపు విభాగానికి పంపిన ఒక పెళ్ళికూతురి ఫోటో మొన్న ఒక పోటీ నుంచి తిరిగి వచ్చింది. నుదుటి మీద కుంకుమబొట్టు ఎర్రగా ఉంది, మిగతా చిత్రమంతా నలుపు తెలుపు. "ఇది కలర్ ఫోటో" అన్నారు న్యాయనిర్ణేతలు. "నేను ఏ రంగూ వేయలేదు, ఉన్నదాన్ని ఉంచాను, అంతే" అన్నారు తీసినవారు. మూడు రోజులుగా ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. ఈ తగాదా పాతదే, అప్పుడప్పుడూ రాజుకుంటూ ఉంటుంది. ఈసారి మాత్రం "వేయలేదు, ఉంచాను" అన్న మాటకు చాలామంది తలలూపారు. గొడవంతా ఆ మాటలోనే ఉంది కాబట్టి దాన్నే పట్టుకుని వెనక్కి వెళదాం.

నలుపు తెలుపు ఫోటోలకు స్టూడియోల్లో కుంచెతో రంగులద్దిన కాలం చాలామందికి తెలిసిందే. ఆ ఫోటోలు చాలా ఇళ్ళలో ఇంకా గోడల మీదే ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తుంటే చాలు: ఆ కాగితం మీద ముందు రంగన్నదే లేదు. బుగ్గ మీద ఎరుపు కనిపిస్తే ఎవరో చేత్తో అద్దారన్నమాట. 2010లో "మాయాబజార్"ను రంగుల్లోకి మార్చినప్పుడు జరిగినదీ అదే, లేని రంగును తెచ్చి పెట్టడం.

అసలు మలుపు 1976లో ఉంది. కొడాక్ సంస్థలో పనిచేసే బ్రైస్ బేయర్‌కు ఆ ఏడాది జూలైలో ఒక పేటెంట్ వచ్చింది. కెమెరా సెన్సర్‌కు వెలుగు ఎంత పడిందో తెలుస్తుంది కానీ అది ఏ రంగు వెలుగో తెలియదు. బేయర్ దాని ముందు సన్నని రంగు గళ్ళను పరిచాడు. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒక గడిలో దొరకని రంగును చుట్టుపక్కల గళ్ళను బట్టి లెక్కకడతారు. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్లు, కెమెరాల్లో చాలావరకు నడుస్తున్నది ఈ పద్ధతే, లేదా దీని నుంచి పుట్టిన మరొకటి.

దీంతో వరుస తలకిందులైంది. నలుపు తెలుపు ఫిల్ముల కాలంలో రంగు లేకుండా మొదలుపెట్టి, కావాలంటే రంగు కలిపేవారు. డిజిటల్‌లో రంగు ముందే వచ్చి కూర్చుంటుంది, నలుపు తెలుపు కావాలంటే దాన్ని తీసేయాలి. కెమెరాను నలుపు తెలుపులో పెట్టి తీసినా, సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైలులో రంగుల సమాచారమంతా భద్రంగా ఉంటుంది. "ఉంచాను" అనే మాట ఒక ఫోటోగ్రాఫర్ నోట రావడానికి వీలు కలిగింది అప్పటి నుంచే.

ఆ తర్వాతి కథ పనిముట్లది. 1990లో ఫోటోషాప్ వచ్చింది, 1994లో అందులో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, చేరాయి. కింద రంగుల చిత్రం, పైన రంగు తీసేసిన అదే చిత్రం. పై పొర ఎక్కడ కనిపించాలో, ఎక్కడ కనిపించకూడదో తేల్చే ముసుగు లాంటిది మాస్కు. దాని మీద నల్ల బ్రష్షుతో రుద్దిన చోటల్లా కింది రంగు బయటపడుతుంది. 1993లో వచ్చిన "షిండ్లర్స్ లిస్ట్"లోని ఎర్రకోటు పాప అప్పటికే అందరి కళ్ళలోనూ నిలిచిపోయింది. ఈ పద్ధతిని వెనకేసుకొచ్చేవారు ఇప్పటికీ ముందుగా చెప్పేది ఆ సినిమానే. మూడు గంటలు దాటిన ఆ చిత్రంలో ఆ కోటు ఎరుపు కనిపించేది కొద్దిసేపేనన్న మాట మాత్రం వారు చెప్పరు. 2005 నాటికి కానన్ చిన్న కెమెరాల్లో ఒక్క రంగును మాత్రమే నిలిపే సదుపాయం వచ్చింది. మన పెళ్ళిళ్ళ కరిజ్మా ఆల్బముల్లో ఎర్రచీర ఒక్కటే మెరిసే పేజీలు మామూలైపోయాయి. 2018లో గూగుల్ ఫోటోస్ మనిషిని రంగుల్లో ఉంచి వెనకదంతా నలుపు తెలుపు చేసే పనిని తానే చేసిపెట్టడం మొదలుపెట్టింది.

ఇక నిబంధనల మాట. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నిర్వచనం ప్రకారం, నలుపు తెలుపు చిత్రాన్ని మొత్తంగా ఒకే రంగు ఛాయలోకి మార్చినా అది మోనోక్రోమే, అంటే నలుపు తెలుపు విభాగానికి చెందినదే. కొంత భాగానికే ఛాయ ఇచ్చినా, ఒక రంగు చేర్చినా అది కలర్ చిత్రమవుతుంది. అందులోనే మరో మాట కూడా ఉంది: మొదటి రకాన్ని కేటలాగులో నలుపు తెలుపులో అచ్చువేయవచ్చు, రెండో రకానికి రంగుల ముద్రణ కావాలి. ఇది డార్క్‌రూము, అచ్చుయంత్రం తెలిసినవారు రాసిన భాష అని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు వాదిస్తున్నవారు పట్టుకున్నది అందులోని "చేర్చడం" అన్న మాటనే. చేర్చలేదు కదా, మరి మాకెలా వర్తిస్తుందని వారి ప్రశ్న. పాత ఫోటోల్లో కనిపించే గోధుమరంగు సెపియా ఛాయ నిజంగా చేర్చినదే, దాన్ని ఒప్పుకుని దీన్ని కాదనడం ఏమిటని కూడా అడుగుతున్నారు.

దీనికి జవాబు అమెరికా ఫోటోగ్రాఫిక్ సొసైటీ, అంటే పీఎస్‌ఏ, నిర్వచనంలో దొరుకుతుంది. చేర్చారా, ఉంచారా అన్న విచారణను అది పక్కన పెట్టేసింది. చూసేవారికి రంగు లేదనిపించాలి, లేదా చిత్రమంతటా ఒకే ఛాయ పరుచుకున్నట్టు అనిపించాలి. అక్కడక్కడా రంగు కనిపిస్తే అది కలర్. సెపియాలో చిత్రమంతా ముదురు నుంచి లేత దాకా ఒకే మెట్ల వరుసలో ఉంటుంది, ఏ మెట్టూ వరుస తప్పి బయటికి రాదు. ఎర్రబొట్టు ఆ వరుసలోనిది కాదు. పైగా ఇక్కడ ఎవరూ దేన్నీ నిషేధించలేదు. కలర్ విభాగం తలుపు తెరిచే ఉంది.

న్యాయనిర్ణేతలు అంత పట్టుగా ఉండటానికి కారణం బొట్టు దగ్గరే తెలుస్తుంది. నలుపు తెలుపులో కుంకుమను చూపించడం కష్టమైన పని. మన చామనఛాయ చర్మంలోనూ, కుంకుమలోనూ ఎరుపు పాలు ఎక్కువ. నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు, ఎరుపు ఎంత లేతగా కనిపించాలో నిర్ణయించే స్లైడర్‌ను పైకి జరిపితే ముఖం కాంతివంతమవుతుంది, బొట్టు చర్మంలో కలిసిపోతుంది. కిందికి దించితే బొట్టు నల్లగా తేలుతుంది, ముఖం మసిబారుతుంది. ఎరుపును గ్రహించని పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద కుంకుమ నల్లగానే పడేది. అన్ని రంగులనూ గ్రహించే పాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చాక ఆకుపచ్చ ఫిల్టరు పెట్టి దాన్ని వేరుచేసేవారు. వెలుగును ఎటు నుంచి పడనివ్వాలో ఆలోచించేవారు. మోనోక్రోమ్ విభాగంలో మార్కులు పడేది ఈ కష్టానికే. రంగును అలాగే వదిలేస్తే ఆ కష్టం అక్కరలేదు.

2012లో లైకా సంస్థ ఎం మోనోక్రోమ్ అనే కెమెరా తెచ్చింది. దాని సెన్సర్ ముందు బేయర్ గళ్ళు లేవు. ఎరుపు ఎక్కడుందో ఆ ఫైలుకే తెలియదు. దానితో తీసిన ఫోటోలో బొట్టు ఎర్రగా కనిపించాలంటే చేత్తో అద్దవలసిందే, పాత స్టూడియోల్లో లాగా.

తిరిగి వచ్చిన ఆ ఫోటో నా ఫోనుకూ వచ్చింది. పెద్దది చేసి చూశాను. బొట్టు చుట్టూ మాస్కు అంచు శుభ్రంగా ఉంది, శ్రద్ధగా చేసిన పని. బొట్టు నుంచి రాలిన కుంకుమ రేణువులు నాలుగైదు ముక్కు మీద కనిపిస్తున్నాయి. అవి బూడిదరంగులో ఉన్నాయి. తల మీద నిలిచిన తలంబ్రాల పసుపు, మెడలో పసుపుతాడు కూడా బూడిదరంగులోనే ఉన్నాయి.